గ్రంథాలయాల బిల్లు చివరి పేజీ

ఈ సభకు అధ్యక్షత వహిస్తున్న మా సంఘం అధ్యక్షులవారికి, వారి పక్కన కూర్చుని ఇప్పటికే గడియారం వైపు చూస్తున్న కార్యదర్శిగారికి, ఇవాళ పదవీ విరమణ చేస్తున్న మా మాస్టారికి, ముందు వరుసలో ఉన్న వారి సతీమణి పిన్నిగారికి, వారి అమ్మాయికి, కుర్చీలు చాలక గోడల వెంబడి నిలబడ్డ నా తోటి ఉద్యోగులకు, తలుపు దగ్గర టీ కప్పులు సర్దుకుంటున్న క్యాంటీన్ అన్నయ్యకు, అందరికీ నమస్కారం.

నాకు మాట్లాడటం రాదు. వినయం కోసం అంటున్న మాట కాదిది. నాలుగేళ్ళుగా ఈ భవనం మూడో అంతస్తులో పనిచేస్తున్నాను. ఈ హాల్లో సగం మంది నా గొంతు ఇవాళే మొదటిసారి వింటున్నారు. (నవ్వులు) మిగతా సగం మంది నేను ఫోనెత్తి "రాంగ్ నంబరండీ" అంటుంటే విన్నారు. (నవ్వులు) అందుకని రాసుకొచ్చాను. కార్యదర్శిగారు నిన్న మెట్ల మీద ఆపి, "అయిదంటే అయిదు నిమిషాలమ్మా, తరవాత టీ ఉంది" అన్నారు. ఇది అయిదు నిమిషాల్లో తేలే విషయం కాదు సార్. క్షమించండి.

అసలు మాట ముందే చెప్పేస్తాను. ఆలస్యం చేస్తే నా ధైర్యం జారిపోతుంది.

ఇందాక అధ్యక్షులవారు మాస్టారిని ఎంతో మెచ్చుకుని, చివర్లో ఒక చమత్కారం చేశారు. "ముప్పై ఒక్క ఏళ్ళు బిల్లుల తోకలు పట్టుకుని వేలాడిన మనిషి, ఒకే ఒక్కసారి పట్టు వదిలేశారు. ఏం చేస్తాం, పాపం కంటికి కట్టుంది" అన్నారు. హాలంతా నవ్వింది. మాస్టారూ నవ్వారు. పిన్నిగారు మాత్రం నవ్వలేదు. తల వంచుకుని చేతిసంచీ తెరిచి, ఏదో వెతుక్కుంటున్నట్టు చాలాసేపు అందులోకే చూశారు.

ఆ రోజు పట్టు వదిలింది మాస్టారు కాదు. నేను.



(అధ్యక్షులు: "అమ్మా, ఇది ఆ సందర్భం కాదేమో...")

ఇదే సందర్భం సార్. రేపటి నుంచి మాస్టారు ఈ భవనంలో ఉండరు. ఆయన లేనప్పుడు ఆయన గురించి నిజం చెప్పడం తేలిక. అందుకే ఇవాళ చెప్తున్నాను.

మాస్టారి ఇంటివాళ్ళు వచ్చారు. వాళ్ళకి మా పని అంతగా తెలియకపోవచ్చు. ఆయన ఇంటికెళ్ళి ఆఫీసు కబుర్లు చెప్పే మనిషి కాదని పిన్నిగారే ఒకసారి విసుక్కున్నారు: "ముప్పై ఏళ్ళ కాపురంలో ఈయన ఏం ఉద్యోగం చేస్తాడో నాకు తెలీదమ్మా, కాగితాలు చదువుతాడు, అంతే తెలుసు." కనుక కొంచెం చెప్తాను. తెలిసినవాళ్ళు ఓపిక పట్టండి.

మా సంఘం పని చిన్నది. అధికారంలో ఉన్నవాళ్ళు ఆ అధికారాన్ని సొంతానికి వాడుకుంటున్నారేమో చూడటం. బావమరిదికి కాంట్రాక్టు ఇప్పించుకున్నారా, తమ దగ్గర పని ఉన్నవాళ్ళ చేతి నుంచి కానుక పుచ్చుకున్నారా, ఇలాంటివి. ఎవరైనా ఫిర్యాదు చేస్తే విచారించవచ్చు. ఎవరూ చేయకపోయినా, చెవిన పడితే చాలు, మాకు మేముగా మొదలుపెట్టవచ్చు. పెట్టవచ్చు అంటున్నాను గానీ, ఆ మాట అనగలిగేది ఈ నెలాఖరు వరకే. దాని సంగతికి వస్తాను.

ఈ సంఘాన్ని పుట్టించింది శాసనసభ. గొంతు పిసకగలిగేదీ శాసనసభే. కాబట్టి సభలోకి వచ్చే ప్రతి బిల్లునీ, అది రోడ్ల మీదైనా, చేపల మీదైనా, పళ్ళడాక్టర్ల మీదైనా సరే, మా చట్టాన్ని ఎక్కడైనా తాకుతుందేమోనని చూసే బల్ల ఒకటి ఉండాలని ఎప్పుడో ఎవరో పెద్దలు నిర్ణయించారు. ఆ బల్ల మూడో అంతస్తులో జిరాక్స్ మిషను పక్కన ఉంది. దానికి రెండు కుర్చీలు. కిటికీ వైపుది మాస్టారిది. మిషను వైపుది నాది. రోజూ పదింటికి సభ అచ్చాఫీసు నుంచి బిల్లుల కట్ట వస్తుంది. చదివి, ఒక్కోదానికి ఒక చీటీ అంటించాలి. మమ్మల్ని తాకేదైతే ఎర్ర చీటీ, తాకుతుందేమోనని అనుమానం ఉంటే పసుపు, ఏ సంబంధమూ లేకపోతే తెల్లది. ఎర్ర చీటీ పడితే సంఘం మేలుకుంటుంది. కార్యదర్శిగారు సభకు వెళ్తారు, కమిటీ ముందు మాట్లాడతారు, పేపర్లవాళ్ళకు తెలుస్తుంది. తెల్ల చీటీ పడితే ఎవరూ ఆ కాగితం వైపు మళ్ళీ చూడరు.

నేను చేరిన రోజు మాస్టారు నా చేతిలో ఒక బిల్లు పెట్టి "చదువు" అన్నారు. నేను మొదటి పేజీ తీశాను.

"ఏం తీశావ్?"

"మొదటి పేజీ సార్."

"అందులో ఏముంటుంది?"

"బిల్లు ఉద్దేశం సార్."

"ఉద్దేశం మొదటి పేజీలో ఎవరైనా చెప్తారా తల్లీ? ఇల్లు అద్దెకిచ్చేవాడు కారే కప్పు చూపించి లోపలికి పిలుస్తాడా? ముందుగదిలో సున్నం చూపిస్తాడు. నువ్వు వెనక వంటింట్లోకి వెళ్ళి తలెత్తి చూసుకోవాలి. చివరి పేజీ తియ్యి."

ఆయన బిల్లును ఎప్పుడూ వెనక నుంచే చదివేవారు. చివర అనుబంధం ఉంటుంది, ఏ పాత చట్టంలో ఏ మాట తీసేసి ఏ మాట పెడుతున్నారో అందులో ఉంటుంది, సభలో ఎవరూ పైకి చదవరు. తేలును తోక దగ్గర చూడాలి అనేవారు. అలా ఆయనకి తోక మాస్టారని పేరొచ్చింది. ఈ పేరు ఆయనకి తెలియదని మనమంతా అనుకుంటాం. ఆయన టిఫిన్ డబ్బా మీద ఆయనే రాసుకున్నారు, చూడండి. (నవ్వులు)

నాకు మాత్రం ఈ పద్ధతి మింగుడుపడలేదు. నేను సిస్టర్ల బడిలో చదివాను. అక్కడ లైబ్రరీ చూసే సిస్టరుది ఒకటే నియమం: ఎవరైనా పుస్తకం చివరి పేజీ ముందు చదివినట్టు తెలిస్తే వాళ్ళకి వారం రోజులు పుస్తకం ఉండదు. "అది రాసినవాళ్ళని అవమానించడం" అనేవారావిడ. ఈ సంగతి మాస్టారికి చెప్తే ఆయన నవ్వీ నవ్వీ, టీ ముక్కులోకి పోయి, దగ్గుతూ అన్నారు: "సిస్టరమ్మా, ఇక్కడ రాసినవాళ్ళని అవమానించడమే మన ఉద్యోగం." ఆ రోజు నుంచి నేను సిస్టరమ్మని.

ఆయన ఏమిటో చెప్పడానికి ఒక్క సంగతి చెప్తాను. మూడేళ్ళ కింద మురుగు కాలువల బిల్లు ఒకటి వచ్చింది. అరవై పేజీలు, అన్నీ గొట్టాల కొలతలు. దాని చివరి పేజీలో, గొట్టాలన్నీ అయిపోయాక, మన కార్యదర్శిగారి పదవి రద్దు చేసే వాక్యం ఒకటి ఉంది. కార్యదర్శిగారు ఇప్పుడు నవ్వుతున్నారు గానీ ఆ రోజు నవ్వలేదు. (నవ్వులు) మధ్యాహ్నం మూడింటికి ఓటు. కుండపోత వాన. మాస్టారు గొడుగు కూడా తీసుకోకుండా బిల్లు చొక్కాలో దోపుకుని సభ దాకా పరుగెత్తారు. ఆయన పరుగెత్తగా చూసిన మనిషి ఈ భవనంలో నేనొక్కదాన్నే. తిరిగొచ్చేసరికి ఎర్ర చీటీ రంగు కారి చొక్కా గుండెల మీద పెద్ద మరక. పిన్నిగారు ఫోన్ చేసి "ఏమ్మా, మీ ఆఫీసులో ఈయన్ని ఎవరైనా పొడిచారా?" అని అడిగారు. (నవ్వులు)

నవ్వండి. నేనూ నవ్వేదాన్ని.

ఆయన నాకు నేర్పిన నియమాలు రెండే. ఒకటి, వెనక నుంచి చదువు. రెండు, అచ్చు మారితే బిల్లు మారినట్టే. కమిటీకి వెళ్ళి వచ్చిన బిల్లు మళ్ళీ అచ్చవుతుంది. అది నిన్న చదివిందే అనిపించినా, ఎన్నడూ చూడనిదాన్ని చదివినట్టు మళ్ళీ తోక నుంచి చదవాలి. నేను చదివాక ఆయన చదివేవారు. నాలుగేళ్ళలో మేం చదివిన బిల్లులు ఎన్నో నాకు గుర్తులేదు. ఆయన నా వెనక చదవకుండా వదిలిన కట్ట మాత్రం ఒకటే.

గ్రంథాలయాల బిల్లు ఈ ఏడాది మొదట్లో వచ్చింది.

నేను దాన్ని మధ్యాహ్నం భోజనం బల్ల మీద చదివాను. మొదటి పేజీ నుంచి చదివాను. మాస్టారు చూసి "ఏంటి సిస్టరమ్మా, తల దగ్గర మొదలెట్టావ్?" అన్నారు. "ఇదొక్కటీ సార్" అన్నాను. ప్రతి పేటకీ ఒక చదువుకునే గది, కదలలేని ముసలివాళ్ళ ఇంటి గుమ్మం దాకా పుస్తకాల బండి. పద్నాలుగో సెక్షనులో ఇలా ఉంది: చదువుకుంటున్నవారిని, వారు ఏ పుస్తకమూ ఇంటికి తీసుకుపోకపోయినా, మూసే వేళ వరకు లేవమని అనరాదు. నా చిన్నప్పుడు మా ఇంట్లో రెండు గదులు, ఏడుగురం మనుషులు. నాకంటూ ఉన్న చోటు సిస్టర్ల లైబ్రరీలో కిటికీ పక్క బల్ల. అయిదు కొట్టగానే "ఇక లే" అనేవారు. ఆ ఒక్క వాక్యాన్ని నేను మూడుసార్లు చదివాను. చట్టాలు రాసేవాళ్ళలో ఎవరో ఒకరు చిన్నప్పుడు అలా లేచి వెళ్ళినవాళ్ళే అయ్యుంటారని అనుకున్నాను. మొదటి అచ్చులో తోక శుభ్రంగా ఉంది. మాస్టారూ చూశారు. తెల్ల చీటీ పెట్టాం.

తరవాత అది కమిటీకి వెళ్ళింది. తిరిగి అచ్చయి ఒక గురువారం నా బల్ల మీదికి వచ్చింది. ఆ రోజు కట్టలో పంతొమ్మిది బిల్లులు. మాస్టారు కంటి ఆపరేషన్ చేయించుకుని ఆసుపత్రిలో ఉన్నారు. పద్దెనిమిదింటిని వెనక నుంచి చదివాను, ఒట్టు. పంతొమ్మిదోది ఇది. నాకు తెలిసిన పుస్తకం మళ్ళీ చేతికొచ్చినట్టు తీశాను. కమిటీవాళ్ళు పద్నాలుగో సెక్షను తీసేసి ఉంటారని భయం. తిన్నగా అక్కడికే వెళ్ళాను. తీసేయలేదు. పైగా, చూపు మందగించినవారికి ప్రత్యేకంగా ఒక దీపం, ఒక చేతుల కుర్చీ ఏర్పాటు చేయవలెనని కొత్త వాక్యం చేర్చారు. నాకు మాస్టారు గుర్తొచ్చారు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ సంతోషంలోనే బిల్లు మూసి, తెల్ల చీటీ అంటించి, తేదీ వేసి, పొడి అక్షరాలు రాసేశాను.

బిల్లు ఇరవై రెండు పేజీలు. నేను ఇరవై రెండో పేజీ తిప్పలేదు.

సోమవారం మాస్టారు వచ్చారు. కంటి మీద పచ్చటి గుడ్డ. నాలుగు రోజులు ఆగమని డాక్టరు చెప్పినా ఆగలేదు. నా పక్కన కూర్చుని కట్ట ముందుకు లాక్కున్నారు.

"అచ్చులన్నీ చూశావా?"

"చూశాను మాస్టారూ."

"తోకలు?"

"చూశాను."

"ఇంకేం. నువ్వు చూస్తే నేను చూసినట్టే" అని కింద సంతకం చేశారు.

ఆ రెండో "చూశాను" గురించి నేను చాలా ఆలోచించాను. కావాలని అబద్ధమాడలేదని నాకు నేను చెప్పుకున్నాను. ఆ క్షణాన నిజంగానే అన్నీ చూశాననిపించిందనీ చెప్పుకున్నాను. అది కూడా నిజం కాదు. ఒక పేజీ తిప్పలేదని నాకు లోపల తెలుసు. ఆయన కన్ను నీరు కారుతోంది. ఇంకోసారి తెరిచి చూస్తానంటే తనూ చూస్తానంటారు, వద్దులే అనుకున్నాను. గ్రంథాలయాల బిల్లులో ఏముంటుంది అనుకున్నాను.

రెండు సభల్లోనూ ఆరు రోజుల్లో నెగ్గింది. గ్రంథాలయాలు వద్దని ఎవరంటారు? ఒక సభ్యుడు తనకి అక్షరాలు దిద్దించిన తల్లిని తలుచుకుని కంటతడి పెట్టుకున్నాడు. నేను మూడో అంతస్తులో ఆ ప్రసంగం వింటూ చప్పట్లు కొట్టాను. జిరాక్స్ మిషను తప్ప పక్కన ఎవరూ లేరు.

మూడు వారాల తరవాత కార్యదర్శిగారు గెజిట్ పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. వారి ముఖం చూసి లేచి నిలబడ్డాను. ఇరవై రెండో పేజీ, అనుబంధం, పదకొండో అంశం. మన చట్టంలో "సంఘము తనకు తానుగా గాని, ఫిర్యాదుపై గాని విచారణ జరుపవచ్చును" అన్న చోట "సభా కమిటీ ముందస్తు అనుమతితో మాత్రమే" అన్న మాటలు చేర్చవలెను. రెండు వరుసలు కూడా లేదు. దాని పై అంశం పుస్తకాల బండ్ల చక్రాల గురించి.

మిగతా చట్టం అప్పుడే అమల్లోకి వచ్చింది, ఈ అంశం మాత్రం వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి అమలు. ఇక ఎవరి మీద విచారణ చేయాలన్నా వాళ్ళ కమిటీనే అడగాలి. ఇప్పుడు నడుస్తున్నవి కూడా ఆపి అడగాలి.

ఆ రోజు అధ్యక్షులవారి గదిలో "ఇది ఎవరు చూశారు?" అని అడిగారు. నేను తలుపు దగ్గరున్నాను. మాస్టారు లేచి, "నేనే చూశాను సార్. కట్టు ఉంది కదా, ఒంటికన్నుతో చూశాను, ఆనలేదు" అన్నారు. నేను నోరు తెరిచాను. మాట రాలేదు. కావాలంటే వచ్చేది. నేను రానివ్వలేదు.

తరవాత వరండాలో ఆయన వెనకే పరుగెత్తాను. "ఎందుకలా చెప్పారు మాస్టారూ?"

"నాలుగు నెలల్లో విప్పేసే చొక్కా నాది. మరక దీని మీద పడితే ఏంపోయింది? నువ్వింకా ముప్పై ఏళ్ళు తొడుక్కోవాలి."

"కానీ అది అబద్ధం కదా."

"తోకలు చూశానన్నావు. అదేంటమ్మా మరి?"

ఆయన కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నేను వెనక్కి వెళ్ళి నిజం చెప్పేదాన్నేమో.

(వేదిక మీద నుంచి మాస్టారు: "చాలమ్మా. ఇక కూర్చో.")

కూర్చుంటాను మాస్టారూ. ఇంకొంచెం ఉంది.

ఆ తరవాత ఏమైందో మీకందరికీ తెలుసు. సర్వీసు పుస్తకంలో ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క గీత లేని మనిషికి, "విధి నిర్వహణలో నిర్లక్ష్యం" అని రాశారు. విరమణ తరవాత రెండేళ్ళు సలహాదారుగా ఉంచుకుంటామన్న మాట ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. బిల్లులు ఎలా చదవాలో ఆయన పదకొండేళ్ళుగా రాసుకుంటూ వచ్చిన చేతిపుస్తకం ఒకటి ఉంది. సంఘమే అచ్చు వేయిస్తానంది. దాన్ని అచ్చాఫీసు నుంచి వెనక్కి తెప్పించారు. తోక చూడనివాడు తోకల మీద పుస్తకం రాశాడని నలుగురూ నవ్వుతారని కారణం చెప్పారు. దాన్ని మొత్తం చదివింది నేనొక్కదాన్నే. అంత స్పష్టమైన వచనం నేను ఎక్కడా చదవలేదు.

నేను ఈ విషయం మా అమ్మకి మాత్రమే చెప్పాను. అమ్మ బట్టలు మడతపెడుతోంది. ఆపి, నన్ను చూసి, "చదువుతూనే ఉంటావు కదే! ఎవరింటికెళ్ళినా మూల చూసుకుని పుస్తకం పట్టుకు కూచుంటావు, మందు సీసా మీద కాగితం కూడా వదలవు. ఆ ఒక్క పేజీ చదవడానికి ఏమొచ్చింది నీకు?" అంది. ఇంతవరకు నన్ను ఎవరూ అడగని ప్రశ్న అదే. నచ్చినదాన్ని నేను అనుమానించలేను. ఈ ఉద్యోగానికి పనికిరాని గుణం అదొక్కటే, అది నాలో ఉంది.

మంగళవారాలు డ్యూటీ దిగి ఒక నర్సమ్మ మన ఆఫీసుకు వస్తుంది. కింద బెంచీ మీద ఆవిడని మీరంతా చూసే ఉంటారు. వాళ్ళ ఆసుపత్రికి కొత్త అంబులెన్సులు ఒక సభ్యుడి బావమరిది షెడ్డు నుంచి వచ్చాయి. వాటి వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. లోపల ఊపిరాడని తండ్రిని పెట్టుకుని ఒకాయన మోచేత్తో అద్దం పగలగొట్టాల్సి వచ్చింది. నర్సమ్మ ఫొటోలు తీసి మనకిచ్చింది. పోయిన మంగళవారం నన్ను ఆపింది.

"ఏమ్మా, నా అర్జీ కదిలిందా?"

"వచ్చే నెల నుంచి అనుమతి కావాలండీ. కమిటీకి వెళ్తుంది."

"ఆ కమిటీలో ఎవరుంటారు?"

చెప్పాను.

"ఆయనే ఉన్నాడుగా అందులో!"

"అవునండీ."

"మరి ఆయన్నే అడుగుతారా? అయ్యా, మీ మీద విచారణ చేసుకోమంటారా అని?" అని నవ్వింది. తరవాత నవ్వు ఆపి, "పోనీ నా ఫొటోలు ఇచ్చెయ్యి. ఇంట్లో పెట్టుకుంటాను" అంది. ఫైల్లో చేరినవి తిరిగి ఇవ్వడానికి లేదు. అదీ చెప్పాల్సి వచ్చింది. ఆవిడ బెంచీ మీద కాసేపు కూర్చుని వెళ్ళిపోయింది. ఇవాళ మంగళవారం. రాలేదు.

మా వీధి చివర చదువుకునే గది పోయిన వారం తెరిచారు. పెద్ద కిటికీలు. కొత్త చెక్క వాసన రోడ్డు మీదికి వస్తోంది. బళ్ళు వదలగానే పిల్లలు చెప్పులు విప్పేసి లోపలికి పరుగెడుతున్నారు. ఒక ముసలాయన దీపం కింద చేతుల కుర్చీలో పేపరు చదువుకుంటున్నాడు. ఎవరూ ఆయన్ని లేవమనలేదు. నేను రోజూ ఆ కిటికీ ముందు నుంచే ఆఫీసుకు వస్తాను. ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళలేకపోయాను. ఈ చట్టంలో ప్రతి మాటా మంచిదే, పదకొండో అంశం తప్ప. అందుకే దాన్ని ఎవరూ రద్దు చేయరు. చేయమని అడిగేవాళ్ళని గ్రంథాలయాలకు శత్రువులంటారు. కార్యదర్శిగారు మూడుసార్లు సభకు వెళ్ళి వచ్చారు. మూడుసార్లూ అదే మాట విన్నారు. దారి ఉందని ఇక్కడ ఎవరైనా చెప్తే వినాలని ఉంది. నాకు కనిపించడం లేదు.

ఇక ఇవాళ ఎందుకు చెప్తున్నానో చెప్పాలి. నాకు ధైర్యం వచ్చి కాదు.

మూడు రోజుల కింద మాస్టారి అమ్మాయి ఫోన్ చేసింది. వీడ్కోలు సభకు అమ్మని తీసుకురావాలా వద్దా అని అడగడానికి. "అమ్మ రానంటోంది. నాలుగు నెలల నుంచి ఒకటే ఏడుపు. ఆపరేషన్ ఆ వారమే చేయించుకోమని పట్టుబట్టింది తనేనట. నేను తొందరపెట్టకపోతే ఆ రోజు ఆయన కళ్ళు బాగుండేవి, చివరి రోజుల్లో పేరు పోయేది కాదు అంటుంది. నాన్నేమో ఆ ఊసెత్తితే లేచి బయటికి పోతాడు" అంది.

పిన్నిగారూ, ఈ మాటలు మీకోసం రాసుకొచ్చాను. మీరు తొందరపెట్టడం వల్ల ఏమీ జరగలేదు. ఆయన కన్ను బాగానే ఉంది. ఆ బిల్లు ఆయన కంటికి ఆనక తప్పిపోలేదు. అసలు చూడలేదు. చూడాల్సిన అవసరం లేదని ఆయనతో చెప్పింది నేను. ఆయన నన్ను కాపాడారు. నన్ను కాపాడటానికి మీకు కూడా నిజం చెప్పలేదు. నాలుగు నెలలు మీరు మోసింది నాది.

(పిన్నిగారు లేచి నిలబడ్డారు.)

అధ్యక్షులవారి బల్ల మీద పొద్దున్నే ఒక ఉత్తరం పెట్టాను. ఆ తెల్ల చీటీ కూడా జతచేశాను, దాని మీద పొడి అక్షరాలు నావి. మాస్టారి సర్వీసు పుస్తకంలో ఆ వాక్యం కొట్టేసి నా దాంట్లో రాయమని అడిగాను. చేతిపుస్తకం అచ్చు వేయమనీ అడిగాను.

(అధ్యక్షులు: "అది తరవాత చూద్దాం.")

తరవాత అంటే సార్, ఆయన వెళ్ళిపోయాక. అయినా సరే, చూడండి.

దీనివల్ల చట్టం మారదు. రేపు పదింటికి కట్ట వస్తుంది. వెనక నుంచి చదువుతాను. ఎర్ర చీటీ పెట్టాల్సి వస్తే పెడతాను. పెట్టినా, కాపాడుకోవడానికి ఇక మన చట్టంలో మిగిలింది ఏమిటో నాకు తెలియదు. ఆ బల్లని కూడా ఏ నెలలో తీసేస్తారో తెలియదు.

(పిన్నిగారు: "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా? ఒక్క ఫోన్ చెయ్యలేకపోయావా?")

చెయ్యగలిగేదాన్నే పిన్నిగారూ. మీ నంబరు నా దగ్గరుంది. భయపడ్డాను. ఇంతకన్నా మంచి కారణం ఉంటుందేమోనని నాలుగు నెలలు వెతికాను. లేదు.

విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. సెలవు.